నీటి మీద ఏంటెన్నా
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెన్షన్, డి.ఎ. సంగతులు ఉదయమే అయిపోయాయి కనుక కాసేపు ఆకాశం గురించి మాట్లాడమన్నారు. ముప్ఫై నాలుగేళ్లు వైర్‌లెస్ సెట్ల ముందు చెవులు అరగదీసుకున్నవాణ్ణి. నాకు తెలిసిన దారిలోనే చెబుతాను.

విశ్వం వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరాలు. పుట్టిన 3,80,000 ఏళ్లకు చల్లబడి హైడ్రోజన్ పరమాణువులు ఏర్పడ్డాయి. ఆ తరువాత చాలాకాలం చీకటే. తొలి నక్షత్రాలు, గెలాక్సీలు వెలిగాక వాటి అతినీలలోహిత కాంతి ఆ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను మళ్లీ ఊడగొట్టింది. దీనినే పునరయనీకరణం అంటారు. విశ్వానికి దాదాపు 100 కోట్ల ఏళ్లు నిండేసరికి అది ముగిసింది.

హైడ్రోజన్ తరంగం అసలు 1420 మెగాహెర్ట్జ్‌ది. విశ్వ వ్యాకోచంతో సాగి సాగి, మన ఎఫ్.ఎం. రేడియో చుట్టుపక్కలకు దిగి వస్తుంది. మన పాలపుంత రొద దానికి వేల రెట్లు!

2018లో పశ్చిమ ఆస్ట్రేలియాలో, బల్లంత ఏంటెన్నాతో, ఎడ్జెస్ బృందం 78 మెగాహెర్ట్జ్ వద్ద ఆ కబురు దొరికిందని ప్రకటించింది. ఊహించిన దానికంటే రెండింతల లోతు. కొందరు కృష్ణపదార్థం దాకా వెళ్లారు.

నాకు మాత్రం నా కథే గుర్తొచ్చింది. ఒక తుఫాను రాత్రి, పడవ నుంచి పిలుపు వస్తోందని రిజిస్టరులో రాశాను. నలుగురు మనుషులు ఆ వానలో వెతకడానికి వెళ్లారు. తెల్లవారి చూస్తే అది మా జనరేటరు గోలే. వాళ్లు క్షేమంగా తిరిగొచ్చారు గానీ, వాళ్ల ముఖం చూడడానికి నాకు చాలా రోజులు పట్టింది.

బెంగుళూరు రామన్ పరిశోధనా సంస్థ వారి సరస్ పరికరం ఒకటి అప్పటి అనంతపురం జిల్లా టింబక్టులో పనిచేసింది. విశ్వవాయువు ఆలస్యంగా వేడెక్కి, పునరయనీకరణం చప్పున ముగిసిందనే కొన్ని అంచనాలను 2017లో తోసిపుచ్చింది. తరువాతి పరికరాన్ని 2020లో కర్ణాటకలో దండిగానహళ్లి చెరువు మీద, శరావతి నీటి మీద తేలించారు. ఎందుకనుకున్నారు? నేల పొరలు ఒక్కో లోతున ఒక్కో రకంగా తరంగాన్ని తిప్పికొడతాయి. నీరు అంతటా ఒకటే. ఎంత చక్కని ఉపాయం! ఎడ్జెస్ చెప్పిన పల్లం అక్కడ కనబడలేదని 2022లో 95.3 శాతం నమ్మకంతో ప్రకటించారు.

అంటే అసలు కబురు ఇంకా దొరకాల్సే ఉంది. కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నారు. సందేహాలుంటే టీ దగ్గర అడగండి. సెలవు.