చేతులు కట్టుకుంటే మేనేజర్‌కి ఏం కనిపిస్తుంది?

ఈ రోజు ఆఫీసులో బాడీ లాంగ్వేజ్ గురించి మాట్లాడుకుందాం. ముందు నా కథే చెప్తాను.

బీటెక్ అవగానే హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేరాను. మొదటి అప్రైజల్‌లో మా మేనేజర్ అన్నారు, "వర్క్ బాగానే చేస్తున్నావ్, కానీ మీటింగుల్లో నీకు ఇంట్రెస్ట్ ఉన్నట్టే కనపడదు" అని. నాకు మతిపోయింది. రాత్రి పదింటిదాకా కూర్చునేది నేనే కదా! క్లయింట్‌తో మాట్లాడే పని మాత్రం నా పక్క సీటు అబ్బాయికి వెళ్లింది. రూమ్‌కి వచ్చాక ఏడ్చినంత పనైంది.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. మీటింగ్ రూమ్‌లో ఏసీ సరిగ్గా నా నెత్తిమీదే ఉండేది. చలికి చేతులు కట్టుకుని, తల దించుకుని కూర్చునేవాడిని. నాకేమో చలి, ఆయనకేమో "వీడికేం పట్టదు". పైగా మన స్కూళ్లలో చేతులు కట్టుకుంటే బుద్ధిమంతుడు, పెద్దవాళ్ల కళ్లలోకి చూస్తే "ఏంట్రా ఆ చూపు?" అని అడుగుతారు. ఇరవై ఏళ్లు అలా పెంచి, ఆఫీసుకెళ్లగానే ఐ కాంటాక్ట్ ఇవ్వమంటే ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి?

ఈ టాపిక్ ఎక్కడ వెతికినా ఒక లెక్క కనిపిస్తుంది. మాటలు 7 శాతం, గొంతు 38, బాడీ లాంగ్వేజ్ 55 అని. నేనూ నమ్మేశాను. అవి ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే ప్రొఫెసర్ 1967లో ప్రచురించిన రెండు ప్రయోగాల నుంచి వచ్చిన అంకెలు. విడివిడి మాటల్ని రకరకాల గొంతులతో వినిపించారు, మొహాల ఫొటోలు చూపించారు, చెప్పేవాళ్లకి ఇష్టమా అయిష్టమా అని అడిగారు. అంతే. అన్ని రకాల మాటలకీ ఆ లెక్క వర్తించదని ఆయనే చెప్పారు. కోడ్ రన్ కాకపోతే మనం ఎంత నిటారుగా కూర్చున్నా రన్ కాదు కదా!

మరి నేనేం మార్చాను? ఒక స్వెట్టర్ కొన్నాను. నవ్వకండి, నిజం. చలి తగ్గాక చేతులు వాటంతటవే టేబుల్ మీదికొచ్చాయి. ఎవరైనా మాట్లాడుతుంటే ల్యాప్‌టాప్ సగం మూసేవాడిని. టైప్ చేయాల్సి వస్తే "నోట్స్ రాసుకుంటున్నా" అని ముందే చెప్పేవాడిని, లేకపోతే చాటింగ్ అనుకుంటారు. కళ్లలోకి చూడటం కష్టమైతే కనుబొమల మధ్య చూడండి, ఎదుటివాళ్లకి పెద్దగా తేడా తెలీదు. వీడియో కాల్‌లో అయితే ల్యాప్‌టాప్ కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టి కెమెరాని కళ్ల ఎత్తుకి తెచ్చుకోండి. నా ఇంజనీరింగ్ టెక్స్ట్‌బుక్స్ చివరికి అలా పనికొచ్చాయి.

కొన్ని నెలల తర్వాత ఆ ఏసీ సంగతి మా మేనేజర్‌కి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, "ఆ రోజే చెప్తే సీటు మార్చేవాణ్ణి కదయ్యా" అన్నారు.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.