కొబ్బరాకుల పందిరి నుంచి హెచ్ఐసీసీ దాకా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడికి ఆడిటోరియం కట్టాలని మన సంఘం తలపెట్టింది. "నువ్వు ఇంజనీరువి కదా, హైదరాబాదులో పెద్ద హాళ్ల సంగతి నాలుగు ముక్కలు చెప్పవోయ్" అన్నారు. ఆయ్, చెబుతాను.

ముందు రవీంద్రభారతి. ఠాగూర్ శతజయంతి కోసం 1960 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 1961 మేలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించారు. పద్నాలుగు నెలలు కూడా పట్టలేదు! ఇప్పుడు మన కాలవ మీద చిన్న వంతెనకి అంతకంటే ఎక్కువే పడుతోంది. ఆర్కిటెక్టు మొహమ్మద్ ఫయాజుద్దీన్. ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడ చివరి వరుసలో కూర్చుని కూచిపూడి చూశాను. గజ్జెల సవ్వడి నా దాకా విడివిడిగా వచ్చింది.

తర్వాత 2002లో శిల్పకళా వేదిక, 2006లో మాదాపూర్ దగ్గర హెచ్ఐసీసీ వచ్చాయి. హెచ్ఐసీసీ ప్రధాన హాలు 6,480 చదరపు మీటర్లు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. అవసరాన్ని బట్టి ఆరు గదులుగా విడదీసుకోవచ్చు. ఇలాంటి చోట్ల జరిపే గోడల్ని సాధారణంగా పైనుంచే వేలాడదీస్తారు. అంటే పైకప్పు తన బరువుతోపాటు ఆ గోడల బరువూ మొయ్యాలి. ప్రపంచ గణిత మహాసభలు మన దేశంలో మొదటిసారి 2010 ఆగస్టులో అక్కడే జరిగాయి. మన లెక్కల మాస్టారు ఉండుంటే పంచె సర్దుకుని బస్సెక్కేసేవారు.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. ఇరవయ్యేళ్ల కిందట ఒక ఊళ్లో కల్యాణ మండపానికి డిజైన్ ఇచ్చాను. నున్నటి గోడలు, గ్రానైట్ నేల, పైన రేకులు. చూపులకి బ్రహ్మాండం. ప్రారంభం రోజు హరికథ పెట్టారు. ఒక మాట చెవిలో పడేలోపు ముందు మాట గోడకి కొట్టుకుని తిరిగొచ్చేది. భాగవతార్ గారు సగంలో చిడతలు కింద పెట్టేసి, "నాయనా, నాతోపాటు ఎవరో పాడుతున్నారు" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఈ రోగం కొత్తది కాదు. 1895లో అమెరికాలోని హార్వర్డ్‌లో ఒక ఉపన్యాసశాలకి ఇదే జబ్బు చేస్తే, సబైన్ అనే యువ అధ్యాపకుడు పక్క థియేటర్లోంచి కుర్చీ మెత్తలు రాత్రిళ్లు మోయించి, ఎన్ని పరిస్తే మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. హాలు పెద్దదైతే మోత పెరుగుతుంది, మెత్తటి సరుకు పెరిగితే తగ్గుతుంది. పాఠానికి, నాటకానికి ఒక సెకను దరిదాపుల్లో అణిగిపోవాలి. సంగీతానికి ఇంకాస్త నిలిచినా అందమే.

మన చిన్నప్పటి వార్షికోత్సవాలు గుర్తు తెచ్చుకోండి. కొబ్బరాకుల పందిరి, చుట్టూ ఖాళీ. మైకు పోయినా ఏకపాత్రాభినయం చివరి దాకా వినపడేది. శబ్దం ఆకుల్లో ఇంకిపోయేది, మిగిలింది తోటలోకి పోయేది.

ఇప్పుడు మనకొచ్చిన అంచనాలో రేకుల కప్పు, టైల్స్ గోడలు, ఏసీ, ఎల్ఈడీ తెర ఉన్నాయి. శబ్దం కోసం ఒక్క రూపాయి లేదు. తెర తీసేయండి, తర్వాత కొనుక్కోవచ్చు. ఆ డబ్బుతో వెనక గోడకీ కప్పు కిందా కొబ్బరిపీచు పలకలు వేద్దాం. గోడకి కాస్త ఎడం వదిలి బిగిస్తే ఇంకా బాగా పనిచేస్తాయి. నిప్పంటుకోకుండా మందు పట్టించాలి, అది మరవకూడదు. పీచుకి మనం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు కదండీ.

ప్లాను మీద సంతకాలు పడేలోపు నాకొకసారి చూపించండి. ఫీజు వద్దు. పనసపొట్టు కూరతో భోజనం పెడితే చాలు.