పొడవు ఒక్కటే చాలదు, వెడల్పూ కొలవండి
(ఆలంగాయం పట్టు రైతుల సమావేశంలో విస్తరణాధికారి చేసిన ప్రసంగ పాఠం)

ఈ రోజు కొత్త మందు గురించి కాదు, మీ ఇంట్లో ఉన్న టేపు గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు "స్టాండు నలభై అడుగులు, మూడు అంతస్తులు సార్" అన్నారు. వెడల్పు మామూలుగా అయిదడుగులే కదా అనుకుని, 100 గుడ్లకు సరిపోతుందని చెప్పేశాను. తీరా చూస్తే వెడల్పు మూడున్నర అడుగులే. అయిదో దశలో పురుగులు ఒకదానిపై ఒకటి ఎక్కాయి. పడక వేడెక్కి, చెమ్మ చేరి, రోగం తగిలింది. తప్పు నాది, నష్టం ఆయనది.

లెక్క చూడండి. 40ని 5తో గుణిస్తే ఒక అంతస్తు 200 చదరపు అడుగులు. మూడింటికి 600. కొమ్మల మేతతో పెంచే 100 గుడ్ల పురుగులకు చివరి దశలో 600 నుంచి 700 చదరపు అడుగుల పడక కావాలి. వెడల్పు మూడున్నర అయితే ఒక అంతస్తు 140, మూడింటికి 420 మాత్రమే. అంటే 70 గుడ్లకు మించి చాకీ పురుగులు తేకూడదు.

గుండ్రని వస్తువుకు అడ్డంగా ఒక్క కొలత చాలు. మన కావలూరు అబ్జర్వేటరీలోని పెద్ద దూరదర్శిని అద్దం 2.34 మీటర్లు అంటే దాని సైజు తెలిసిపోతుంది. నలుచదరంగా ఉన్న స్టాండుకు, గదికి, పొలానికి రెండు కొలతలు కావాలి. పెద్ద వైపును పొడవు, చిన్న వైపును వెడల్పు అంటాం. పేర్లు తారుమారైనా లెక్క మారదు. ఒక కొలత వదిలితే మాత్రం లెక్కే లేదు.

గుర్తుంచుకోవలసినవి:

1. చుట్టుకొలత చూసి మోసపోవద్దు. 20 × 20 అడుగుల గదికీ, 30 × 10 అడుగుల గదికీ చుట్టూ 80 అడుగులే. కాని మొదటిది 400, రెండవది 300 చదరపు అడుగులు.

2. రెండు వైపులా రెట్టింపు చేస్తే స్థలం నాలుగు రెట్లవుతుంది. మొదటి దశలో 100 గుడ్ల పురుగులను 2 × 2 అడుగుల పడకలో మొదలుపెట్టి, దశ ముగిసేసరికి దాదాపు 4 × 4 అడుగులకు పరచాలి.

3. చంద్రిక 6 × 4 అడుగులు, అంటే 24 చదరపు అడుగులు. అడుగుకు 40 చొప్పున 960 పండిన పురుగులు పడతాయి. అంతకన్నా బాగా ఎక్కువ వేస్తే జంట గూళ్ళు, మరక గూళ్ళు పెరిగి ధర పడిపోతుంది.

4. ఎకరం 43,560 చదరపు అడుగులు. మల్బరీని 3 × 3 అడుగుల దూరంలో నాటితే 4,840 మొక్కలు కావాలి. నారుకు చెప్పేముందే ఈ లెక్క వేసుకోండి.

5. చదరపు మీటరంటే 3.28 చదరపు అడుగులు కాదు, సుమారు 10.76. మందు డబ్బా మీద మోతాదు మీటర్లలో ఉంటే జాగ్రత్త.

6. మూర ఒక్కొక్కరి చేతికి ఒక్కోలా ఉంటుంది. టేపే వాడండి. అడుగులను అంగుళాలతో గుణించవద్దు.

వచ్చే పంటకు చాకీ చెప్పేముందు స్టాండు కొలిచి పొడవు, వెడల్పు, అంతస్తులు గుంజ మీద సుద్దముక్కతో రాసిపెట్టండి. నోటి లెక్క చెప్పే అధికారి ఎవరైనా వస్తే, అది నేనైనా సరే, ముందు టేపు చేతికివ్వండి.