ఆమెకేం తక్కువ?



కొన్నేళ్ళ క్రితం మా వీధిలో ఒక ఇల్లాలు తన ప్రాణం తానే తీసుకుంది. అంతకు వారం ముందే మా ఇంటికొచ్చి, బొట్టు పెట్టి, శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలిచి వెళ్ళింది. నవ్వుతూనే మాట్లాడింది. కబురు తెలిసి వెళ్ళిన వాళ్ళందరి నోటా ఒకటే మాట: “ఆమెకేం తక్కువమ్మా? నెమ్మదస్తుడైన భర్త, ముత్యాల్లాంటి పిల్లలు, సొంత ఇల్లు!” ఆ మాట నేనూ అన్నాను. తర్వాత చాలా రోజులు అదే నన్ను వేధించింది. బహుశా ఆమె కూడా “నాకేం తక్కువని యీ ఏడుపు?” అని తనను తాను నిందించుకుని, సిగ్గుపడి, ఎవరికీ చెప్పుకోలేకపోయిందేమో!

డాక్టర్లు డిప్రెషన్ అంటున్నది దీన్నే. మనం దిగులు జబ్బు అనుకుందాం. ఒకటి రెండు రోజులు మనసు బాగుండకపోవడం అందరికీ వున్నదే. అలాకాక రెండు వారాలు దాటినా దిగులు వదలకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చేయడం, అన్నం సయించకపోవడం, “నావల్ల ఎవరికీ ఉపయోగం లేదు” అనిపించడం - ఇవీ దీని లక్షణాలు. కాన్పు తర్వాత కొందరికి ఇది రావచ్చు. తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, నీరసం అంటూ డాక్టర్ల చుట్టూ తిరిగితే, పరీక్షల్లో ఏ లోపమూ కనిపించకపోవచ్చు కూడా.

గృహిణి విషయంలో ఇది బయటపడడం మరీ కష్టం. ఎందుకంటే చేతులు అలవాటుగా పని చేసుకుపోతూనే వుంటాయి. వేళకు కాఫీ అందుతుంది, పిల్లల కారియర్లు సర్దడం అవుతుంది. ఇల్లు నడుస్తోంది కదా, ఇల్లాలు బాగానే వుందనుకుంటారు!

జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలు 48 వేల పైచిలుకు. వారిలో సగానికి పైగా, అంటే 25 వేల మందికి పైగా, గృహిణులే. అందరిదీ దిగులు జబ్బే అనలేం. ఇంట్లో హింస, అప్పులు, అనారోగ్యం - ఇలా ఎన్నో కారణాలు పెనవేసుకుని వుంటాయి.

మరి మనమేం చెయ్యాలి? మొదట, అడగాలి. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని సూటిగానే అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడనక్కర్లేదు. అడిగినందువల్ల ఆ ఆలోచన రాదు, పైగా చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే, “పిల్లల ముఖం చూసుకో” అంటూ హితబోధ మొదలుపెట్టకండి. విన్నాక, ఒంటరిగా వదలకుండా దగ్గరుండి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. అప్పటిదాకా ప్రమాదకరమైన మందులూ అవీ చేతికందకుండా చూడండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టరు ఇచ్చిన మందులు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గినట్టుందని మనంతట మనం మానేయకూడదు.

పోలీసు కేసవుతుందని దాచిపెట్టేవాళ్ళూ వున్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో వున్నట్టే భావించాలని, శిక్షించరాదని, చికిత్స ఇప్పించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెప్పింది.

ఇక మిగిలిపోయిన వాళ్ళ సంగతి. ఆ ఇంట్లో పన్నెండు రోజులూ అయ్యాక గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. హింస జరిగిన చోట చట్టం తన పని తాను చేయవలసిందే. కానీ ఏమీ తెలియకుండానే ఆ భర్తను దోషిలా చూశాం. ఆమె తల్లి నాతో అంది: “ఆ పొద్దున ఫోను చేస్తే, పనిలో వున్నాను, తర్వాత మాట్లాడతానన్నాను తల్లీ!” ఆ తల్లికి ఎవరు చెప్పాలి, నీ తప్పు కాదని? పదేళ్ళ కూతురికేమో అమ్మ ఊరెళ్ళిందన్నారు. పిల్లలకు అబద్ధం ఎన్నాళ్ళో ఆగదు. “అమ్మకు మనసుకు జబ్బు చేసింది. నువ్వు చేసిన తప్పేమీ లేదు” అని, వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో మనవాళ్ళే చెప్పాలి.

ఏడాది గడిచాక, ధైర్యం చేసి ఆ ఇంటికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో తోచలేదు. గుమ్మంలో ముగ్గు చూసి, “మీ అమ్మ చుక్కల ముగ్గు వేస్తే వీధంతా వచ్చి చూసేవాళ్ళం” అన్నాను. ఆ పిల్ల నా కొంగు పట్టుకుంది. “ఇంట్లో ఎవరూ అమ్మ మాటే ఎత్తరు పిన్నిగారూ. ఇంకా చెప్పండి” అంది.

ఆ సాయంకాలం చాలాసేపు చెప్పాను. మీ వీధిలోనూ అలాంటి గుమ్మం వుంటే, ఒకసారి వెళ్ళి రండి. ఎందుకు చేసిందని అడక్కండి. ఆమె ఎలా బతికిందో చెప్పండి.