చేతులకు సెలవు, కాళ్ళకు డ్యూటీ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శి గారు చెప్పేశారు కనుక నేను పడవ గురించి చెబుతాను. నవ్వకండి. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు కదిలించినవాడిని, పడవ కదిలించలేనా అనుకున్నాను.

నా బాల్యస్నేహితుడొకడు కొల్లేట్లో చేపలు పట్టి బతుకుతున్నాడు. మూడేళ్ళ క్రితం గట్టు మీద జారిపడి కుడి భుజం విరిగింది. ఎముక అతికింది గానీ చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. "గడ వెయ్యలేకపోతున్నానురా, దోనెలు అమ్మేస్తా" అన్నాడు. కాళ్ళు మాత్రం ఇప్పటికీ ఇనుప స్తంభాలే. మోటారు పెడదామంటే గుర్రపుడెక్క, వలల తాళ్ళు పంకాకు చుట్టుకుంటాయి. ఆయిలు ఖర్చు వేరే.

బర్మాలో ఇన్లే సరస్సు జాలర్లు పడవ కొసన నిలబడి, తెడ్డుకు ఒక కాలు మెలివేసి తోస్తారు. చేతులు వలకు ఖాళీ. డెబ్బై దాటిన మావాడికి ఒంటికాలి విద్య వద్దనుకున్నాం. మా మనవడు ఇంకొకటి చూపించాడు. అమెరికాలో హోబీ కంపెనీ 1997లో తెచ్చిన యంత్రం. కూర్చుని పాదాలతో తోస్తే పడవ అడుగున రెండు రెక్కలు అటూ ఇటూ ఊగుతాయి.

మేం ముందు చేప తోకలాగా వెనక ఒకే రెక్క పెట్టాం. పడవ ముందుకు పోవడం మాని తల అడ్డంగా ఊపింది, అచ్చం మా పాత సూపరింటెండెంటు గారిలా. అప్పుడు తెలిసింది, రెక్కలు రెండుండాలి. ఒకటి కుడికి పోతే రెండోది ఎడమకు పోవాలి. పక్కతోపులు ఒకదానికొకటి చెల్లు.

రెండో తప్పు చెక్క రెక్కలు. నీళ్ళు చిలికాయంతే. రెక్కకు ముందు అంచు గట్టిగా, వెనక మెత్తగా ఉండాలి. ముందు అంచు పక్కకు పోతుంటే మెత్తని భాగం వెనకబడి ఏటవాలుగా వంగుతుంది, ఆ వాలు నీటిని వెనక్కి నెడుతుంది. తిరుగు ఊపులో వాలు తిరగబడుతుంది, నెట్టుడు మాత్రం వెనక్కే. ముందు స్టీలు కడ్డీ, వెనక రైసు మిల్లు పాత బెల్టు ముక్క పెట్టాం. బెల్టు మూలను మరీ వదులుగా కడితే ఊరికే రెపరెపలాడుతుంది, బిగిస్తే మోకాళ్ళు పట్టేస్తాయి. ఆ ముడి కుదరడానికి నెల పట్టింది. మనిషి చాలాసేపు ఇవ్వగలిగే శక్తి 75 నుంచి 100 వాట్లు. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు. అంటే మన చేతిలో ఉన్నది అందులో ఎనిమిదో వంతో, పదో వంతో. పెన్షన్ లాగే, వృథా చేసేందుకు మిగలదు.

మావాడిది రెండు తాటిదోనెలు జంటకట్టిన సంగడి కావడం అదృష్టం. అడుగున కన్నం పెట్టనక్కర్లేకుండా మధ్య సందులో బల్లకు బిగించాం. రెండు పాదాల బద్దలనూ సైకిలు చైనుతో కలిపాం, ఒకటి పోతే ఒకటి వస్తుంది. నీళ్ళు లోతు లేనిచోట ఒక పాదం పూర్తిగా చాపితే రెక్కలు రెండూ పైకి మడుచుకుంటాయి.

గత కార్తీకంలో ఎక్కించాను. ఎడమ చేత్తో వల తాడు లాగుతూ తొక్కాడు. గంటసేపు ఒడ్డుకు రాలేదు. దోనెల అమ్మకం మాట మళ్ళీ ఎత్తలేదు.

వెనక్కి నడపడం మాత్రం కుదరలేదు. గుర్రపుడెక్కలో ముక్కు దూరితే ఎడమ చేత్తో చిన్న గడ పొడిచి నెట్టుకోవలసిందే. రెక్కలను వెనుతిరిగేలా బిగించవచ్చేమోనని వచ్చే వారం మేస్త్రీ దగ్గరకు పోతున్నాం.