తాళంతో కాలక్షేపం

తాళంచెవి లేకుండా తాళం తీయడం దొంగవిద్య కదా అంటారేమో! మన సొంత తాళం మీద చేస్తే అది ఓపిక నేర్పే కాలక్షేపమే. నేనూ మొదట ఇరవై పుల్లల సెట్టు తెప్పించాను, వాడినవి నాలుగే. కొస వంపు తిరిగిన పుల్ల, అలల్లాంటి పళ్ళున్న పుల్ల, తాళంచెవి తిరిగేచోట మెల్లగా తిప్పిపట్టే వంపు రేకులు రెండు. పనితనమంతా ఆ రేకుదే! గట్టిగా నొక్కారో, లోపలి పిన్నులు బిగుసుకుపోతాయి. 1861లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ పేటెంటు పొందిన రకం పిన్నుల తాళాలకే ఇవి. మన పాత లీవర్ల తాళాలకు పనికిరావు. వీధి తలుపు తాళం మీద మాత్రం సాధన వద్దమ్మా. నేను చేస్తే పిన్ను ఇరుక్కుంది. తాళాలు బాగుచేసే అతను వచ్చేదాకా, బడినుంచి వచ్చిన పిల్లలు మెట్లమీదే కూర్చున్నారు.