పట్టా మార్చే ముందు ఆ ఒక్క షరతు రాయించండి

(మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి ధాన్యం కొనుగోళ్ల గురించి, యూరియా గురించి మాట్లాడుకున్నాం. నేను మాట్లాడబోయేది ఇంటి లోపలి సంగతి. కొడుకులకు, తల్లిదండ్రులకు మధ్య విషయం సంఘం మీటింగులో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ ఉద్యోగికి పింఛను ఉంటుంది, రైతుకు ఉన్న పింఛను ఆ రెండు మూడు ఎకరాలే. ఆసరా కింద వచ్చే 2,016 రూపాయలు బీపీ, షుగరు మందులకే సరిపోవు. అందుకే ముసలితనంలో పట్టా ఎవరి పేరున ఉందన్నది రైతు సమస్యే.

మనవాళ్లు బతికుండగానే పట్టా ఎందుకు మారుస్తున్నారు? ఒకటి, రైతుబీమా 59 ఏళ్ల వరకే. నాన్న వయసు దాటిపోయింది, కొడుకు పేరున చేస్తే అతనికైనా బీమా ఉంటుందని. రెండు, బ్యాంకులో పంట రుణం. మూడోది ఎవరూ పైకి చెప్పరు. పిల్లనిచ్చేవాళ్లు 'అబ్బాయి పేరున ఎన్ని ఎకరాలు?' అని అడుగుతున్నారు. వీటిలో ఏదీ తప్పుడు కారణం కాదు. చిక్కంతా రాసే పద్ధతిలోనే ఉంది.

గిఫ్టు డీడు రాసి రిజిస్ట్రేషన్ చేయించారంటే, ఆ రోజు నుంచే ఆ భూమి మీది కాదు. రేపు కొడుకు అన్నం పెట్టకపోయినా, 'నేను ఇచ్చిందే కదా, వెనక్కి తీసుకుంటా' అంటే కుదరదు. వీలునామా అలా కాదు. మీ కన్నుమూసిన తర్వాతే అది పనిచేస్తుంది. మీరు ఉన్నంతకాలం భూమి మీదే, పట్టా మీదే. మనసు మారితే చించి ఇంకోటి రాయవచ్చు, చివరగా రాసిందే చెల్లుతుంది. స్టాంపు డ్యూటీ లేదు, తెల్లకాగితం మీద రాసినా చాలు. ఇద్దరు సాక్షులు మాత్రం తప్పనిసరి. మీరు సంతకమో వేలిముద్రో వేయడం వాళ్లు చూడాలి, మీ ఎదుటే సంతకాలు పెట్టాలి. సాక్షులుగా మీకంటే చిన్నవాళ్లను, ఆస్తిలో వాటా లేనివాళ్లను పెట్టుకోండి. రేపు కోర్టులో వాళ్లలో ఒక్కరైనా వచ్చి చెప్పాలి కదా, మీ ఈడువాళ్లను పెట్టుకుంటే ఎలా? రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయించడమే మంచిది. ఆ రోజే డాక్టరు దగ్గర 'మతిస్థిమితం బాగుంది' అని ఒక కాగితం తీసుకుంటే తర్వాత గొడవ తగ్గుతుంది.

కాదు, ఇప్పుడే కొడుకు పేరున చేయాలి అంటారా? చేయండి. కానీ దస్తావేజులో ఈ మాటలు రాయించండి: 'నన్ను, నా భార్యను బతికున్నంతకాలం తిండి, బట్ట, ఇల్లు, వైద్యం చూసుకోవాలనే షరతుతో ఇస్తున్నాను. చూసుకోని పక్షంలో ఈ దస్తావేజును రద్దు చేయించుకునే హక్కు నాకు ఉంది.' దస్తావేజు రాసేవాళ్లు పాత నమూనాలో పేర్లు, సర్వే నంబర్లు మార్చి ఇచ్చేస్తారు. అందులో 'ప్రేమాభిమానాలతో' అని ఉంటుంది, ఈ షరతు ఉండదు. ప్రేమాభిమానాలు అన్న ఒక్క మాట ట్రిబ్యునల్ ముందు నిలవదు.

ఎందుకంటే 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షను ఉంది. 60 ఏళ్లు దాటినవాళ్లు తమను చూసుకోవాలనే షరతు మీద ఆస్తి ఇస్తే, తీసుకున్నవాళ్లు చూసుకోకపోతే, ఆ బదిలీ మోసంతో జరిగినట్టే లెక్క. ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయవచ్చు. షరతు లేకపోతే ఈ సెక్షను వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో అదే కోర్టు, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా అర్థం చేసుకోవాలంటూ ఆమెకు ఆస్తి తిరిగి ఇప్పించింది. ఆ కేసులో దస్తావేజుతో పాటు, కొడుకు రాసిచ్చాడన్న హామీ పత్రం కూడా ఉంది. అంటే అక్కడా కాగితమే ఆదుకుంది.

ఈ ట్రిబ్యునల్ అంటే మన ఆర్డీవోనే. మామూలు దరఖాస్తు చాలు. ఆస్తి రద్దుతో పాటు నెలనెలా పోషణ ఖర్చు కూడా అడగవచ్చు, చట్టంలో దాని పరిమితి నెలకు 10,000 రూపాయలు. మంచం మీదున్న మనిషి తరఫున నమోదైన సంస్థ కూడా కదలవచ్చు. మన సంఘానికి ఇక్కడ పని ఉంది. అయితే ఆలస్యం చేయకండి. కొడుకు ఆ భూమిని ఇంకొకరికి అమ్మాక వస్తే వ్యవహారం చాలా చిక్కుపడుతుంది.

వెనక నుంచి పెద్దాయన అడుగుతున్నారు, 'వీలునామాలో అంతా చిన్నోడికే రాయవచ్చా?' అని. మీ స్వార్జితమైతే రాయవచ్చు. పిత్రార్జితమైతే మీ వాటా వరకే. అందులో ఆడపిల్లకు కూడా పుట్టుకతోనే వాటా ఉంది. మన ఉమ్మడి రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకు 1985 నుంచే ఆ హక్కు ఉంది, 2005 సవరణతో దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది. ఇది హిందూ కుటుంబాల సంగతి. ముస్లిం కుటుంబాల్లో వారసుల ఒప్పుదల లేకుండా మూడోవంతుకు మించి వీలునామా చెల్లదు.

ఇంకొక మాట అమ్మలకు. భర్త వీలునామా రాయకుండా పోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన వాటాలో భార్యకు కొడుకులతో, కూతుళ్లతో సమానంగా భాగం వస్తుంది. ఆయన తల్లి ఉంటే ఆమెకు కూడా అంతే. కానీ విరాసత్ చేయించేటప్పుడు 'అమ్మా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి' అని కాగితం ముందు పెడతారు. అది చాలాసార్లు మీ వాటా వదులుకుంటున్నట్టు రాసిన కాగితమే. తహసీల్దార్ ముందు కూర్చున్నప్పుడు అందులో ఏముందో గట్టిగా చదివి వినిపించమనండి. చదవకపోతే వేలు వేయకండి. తోడు కావాలంటే మన మహిళా సభ్యులు వస్తారు, ముందు రోజు చెబితే చాలు.